గేటు నుంచి పోర్టికో దాకా స్టాంప్డ్ కాంక్రీటు: మా గుంటూరు ఇంటి అనుభవం

విజయవాడ పక్కన పోరంకిలో కొత్త ఇంటి ముందు 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు స్థలంలో స్టాంప్డ్ కాంక్రీటు, అంటే పచ్చిగా ఉండగానే రంగు వేసి, రాయిలా కనిపించేలా అచ్చులు ఒత్తే గచ్చు, వేయించాలనుకుంటున్నామని, అది మన ఎండావానలకు ఆగుతుందా, మన మేస్త్రీలకు చేతనవుతుందా, తడిస్తే జారుతుందా అని అడిగారు. మీ కొలతలు చూడగానే నవ్వొచ్చింది. నాలుగేళ్ళ క్రితం గుంటూరు గోరంట్లలో మేము వేయించిందీ దాదాపు అంతే జాగా. ఆగింది. ఇప్పటికీ వచ్చినవాళ్ళు నిజం రాయనుకుని వంగి చేత్తో తడిమి చూస్తారు. కానీ దాంతోపాటు ఒక పగులు, కొన్ని మచ్చలు, మా నాన్నగారి మోకాలికి ఒక దెబ్బ కూడా మిగిలాయి. మూడింటికీ కారణాలు నాకు తెలుసు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మీరు చూసిన వీడియోలు చాలావరకు అమెరికావి అయి ఉంటాయి. వాళ్ళ భయమంతా మంచు గురించి, మంచు కరగడానికి చల్లే ఉప్పు గురించి. మనకు ఆ బెడద లేదు. మన శత్రువులు కింద నల్లరేగడి, పైన ఎండ. వీడియోలో రబ్బరు అచ్చులు పరిచి దిమ్మిసతో కొడుతూ కనిపించే సొగసంతా చివరి రెండు గంటల పని. గచ్చు పదేళ్ళు ఉంటుందా రెండేళ్ళకే విరుగుతుందా అన్నది అంతకు ముందే తేలిపోతుంది.

మాది నల్లరేగడి. వేసవిలో నెర్రెల్లో చెయ్యి దూరుతుంది, వానాకాలంలో ఉబ్బుతుంది. దాని మీద ఎంత మందం కాంక్రీటు పోసినా కింద నేల కదులుతుంటే పైన గచ్చు నిలవదు. అందుకని 18 అంగుళాల లోతు తవ్వించి ఆ మట్టి మొత్తం తీయించాము. ఆరంగుళాల చొప్పున రెండు వరసలు గ్రావెల్ తోలించి, ఒక్కో వరస తడిపి, అద్దెకు తెచ్చిన కాంపాక్టర్‌తో గట్టి పరిచాము. పైన అంగుళం మందం క్వారీ డస్టు, దాని మీద 5 అంగుళాల కాంక్రీటు. కారు ఒక్కటే అయితే మంచి నేల మీద 4 అంగుళాలు చాలు. నల్లమట్టి కాబట్టి ఒక అంగుళం పెంచాము. ఖర్చులో దాదాపు సగం కంటికి కనిపించని ఈ పనికే పోయింది. ఆ సగం గురించి మాత్రం నాకు ఏ బాధా లేదు. మీది కృష్ణ ఒండ్రు కావచ్చు, నల్లమట్టి కావచ్చు, ఎవరో తోలిన మెరక కావచ్చు. ఒకచోట రెండడుగుల గొయ్యి తీయించి కళ్ళతో చూడండి. మెరక కొత్తదైతే ఒక వానాకాలం దానికి వదిలేయడమే మేలు.

తవ్వి ఉన్నప్పుడే పైపుల సంగతి చూసుకోవాలి. మంచినీళ్ళ లైను, డ్రైనేజీ, బోరు తీగ, గేటు లైటు తీగ ఏవి ఎటు పోతాయో గీసుకుని, అక్కర ఉన్నా లేకపోయినా గచ్చు కింద అడ్డంగా నాలుగంగుళాల పీవీసీ గొట్టాలు రెండు ఖాళీగా వేయించండి. పగలగొట్టిన స్టాంప్డ్ కాంక్రీటుకు మాసిక వేస్తే ఎంత బాగా వేసినా మాసికలాగే కనిపిస్తుంది. నీళ్ళు జారిపోవడానికి వాటం అడుగుకు పావు అంగుళం పెట్టించాము, అంటే 30 అడుగులకు ఏడున్నర అంగుళాలు. 360 చదరపు అడుగుల గచ్చు మీద అంగుళం వాన పడితే దాదాపు 850 లీటర్ల నీళ్ళు. అవి పోర్టికోలోకి రాకూడదు, పక్కింటి గోడ కిందికీ పోకూడదు. రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచడం మన ఊళ్ళలో మామూలే కాబట్టి గేటు దగ్గర మట్టం తేల్చేటప్పుడు ఇప్పటి రోడ్డునే చూసి సరిపెట్టుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఊరిని ముంచడం చూసిన విజయవాడ వాళ్ళకు మట్టాల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది!

ఇనుము 8 మిల్లీమీటర్ల చువ్వలు, 9 అంగుళాలకు ఒకటి, నిలువుగా, అడ్డంగా. చువ్వలను నేలకు అంటకుండా ఎత్తిపట్టే చిన్న దిమ్మలు, కవర్ బ్లాకులంటారు, వాటి మీద నిలబెట్టించండి. నేల మీద పరిచేసి, పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగుతామంటారు. లాగరు, లాగినా అది మళ్ళీ అడుగుకే చేరుతుంది. ప్రహరీకి, పోర్టికో స్తంభాలకు గచ్చు తగలకుండా అరంగుళం థర్మోకోల్ పట్టీ పెట్టించండి.

ఇక పోసిన రోజు. మార్చి చివరి వారం. అదే మొదటి తప్పు. డిసెంబరు, జనవరి నెలల్లో అయితే మేస్త్రీకి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండేది. నాలుగు నాలుగున్నర ఘనపు మీటర్ల సరుకు కావాలి. వృథాతో కలిపి 4.7 చెప్పాము, బలంలో ఎం25 రకం. ప్లాంటులోనే కలిపి తెచ్చే రెడీమిక్స్ కాంక్రీటు లారీ ఉదయం అయిదున్నరకు రావాల్సింది ఏడుంపావుకు వచ్చింది. తొట్టి నుంచి సరుకు నెమ్మదిగా జారుతోందని డ్రైవరు నీళ్ళ గొట్టం అందుకోబోతే ఆపాను. పలచన కావాలంటే ప్లాంటులోనే ప్లాస్టిసైజర్ కలపాలి, ఇక్కడ నీళ్ళు కాదు. ఆ మాట మాత్రం గట్టిగా అన్నాను, ఆ రోజుకు అదొక్కటే నా ఘనత.

పరిచి, చదును చేసి, తేలిన నీరు ఇంకేదాకా ఆగి, రంగుపొడి చల్లారు. హార్డెనర్ అంటారు, సిమెంటు, సన్నటి ఇసుక, రంగు కలిసిన పొడి. చదరపు మీటరుకు 3 కిలోల లెక్కన మా జాగాకు 100 కిలోలు పట్టింది. ఒకేసారి కాకుండా మొదట మూడింట రెండు వంతులు చల్లి తాపీతో రుద్ది, మిగతాది రెండోసారి చల్లాలి. కాంక్రీటు మొత్తంలో రంగు కలిపే పద్ధతి కూడా ఉంది. పైన గీసుకుపోయినా లోపల అదే రంగు ఉంటుంది, కానీ పైపొర హార్డెనర్‌కు వచ్చినంత గట్టిగా ఉండదు. ఆ తర్వాత అచ్చు అంటుకోకుండా ముదురు రంగు రిలీజ్ పౌడరు. ఇది ముఖానికి పూసుకునే పౌడరు కంటే సన్నం. గోడలకు పాలిథీన్ కట్టాము గానీ పక్కింటి పిన్నిగారి డాబా మీద ఆరేసిన బట్టల సంగతి ఎవరికీ తట్టలేదు. నాలుగు తెల్ల పంచెలు, రెండు చీరలు కాఫీపొడి రంగుకు తిరిగాయి. ముందురోజే చుట్టుపక్కల చెప్పి రండి.

మా ఇల్లు పడమర ముఖం. పొద్దున పూట ఇంటి నీడ పోర్టికో వైపు సగం మీద పడుతుంది, గేటు వైపు సగానికి ఎండ తగులుతుంది. వేలితో నొక్కితే పావు అంగుళం దిగాలి, వేలికి ముద్ద అంటకూడదు. అచ్చు వేయడానికి అదే అదను. హైదరాబాదు నుంచి వచ్చిన పనివాళ్ళు ఇంటి దగ్గర మొదలుపెట్టి గేటు వైపు వచ్చారు. అటు పలకరాయి అచ్చు చక్కగా దిగింది, రాయి పొరలు సైతం కనిపిస్తాయి. గేటు దగ్గరికి చేరేసరికి పదకొండు. ఎండకు పైపొర బిగిసిపోయి, దిమ్మిసతో ఎంత బాదినా అచ్చు పైపైనే పడింది. అప్పుడొక కుర్రాడు మగ్గుతో నీళ్ళు చిలకరించి మెత్తబరచబోయాడు. ఇప్పుడు అక్కడ రంగు పాలిపోయి ఉంది, చీపురు వేస్తే కాస్త పొడి రాలుతుంది. ఎండ తగిలే వైపు నుంచి మొదలుపెట్టి ఉంటే ఈ గొడవే లేదు. గేటు మీద పరదా కట్టినా పోయేది. మీ ఇంటికి ఏ గంటకు ఎక్కడ నీడ పడుతుందో ఒక రోజు కూర్చుని చూడండి, పనివాళ్ళు చూడరు.

పగులు కథ వేరు. మా సంపు మూత గచ్చు మధ్యలో, నలుచదరంగా ఉంది. కాంక్రీటు ఆరుతూ కుంచించుకుంటుంది కాబట్టి ఎక్కడో ఒకచోట విరిగి తీరుతుంది. మనం గీసిన చోట విరిగేలా చేయడానికే జాయింట్లు కోసేది. ఐదంగుళాల మందానికి పది పన్నెండు అడుగులకు ఒకటి, లోతు మందంలో నాలుగో వంతు, అంటే అంగుళంపావు. మర్నాడు పొద్దున్నే కోసేయాలి, ఎండల్లో అయితే అదే రోజు సాయంత్రం. "డిజైను మీద గీత పడితే బాగుండదు సార్, మధ్యలో ఒకటి చాలు" అన్నాడు కాంట్రాక్టరు. నాకూ నచ్చింది, తల ఊపాను. మొదటి వేసవి దాటకముందే సంపు మూత మూల నుంచి వెంట్రుక మందం పగులు ఐమూలగా బయలుదేరి ప్రహరీ దాకా పాకింది. లోపల ఇనుము ఉంది కాబట్టి విచ్చుకోలేదు, కానీ కారు దిగిన ప్రతిసారీ కన్ను అక్కడికే పోతుంది. మీకు 30 అడుగుల్లో రెండు కోతలు కావాలి. సంపు ఉంటే కోత దాని మూలకు చేరేలా ముందే కాగితం మీద గీయించండి. మూల దగ్గర ఐమూలగా రెండు అదనపు చువ్వలు కట్టించండి. కోత గీతలు రాళ్ళ మధ్య దర్జుల్లో కలిసేలా నమూనాను అమర్చడం తెలిసిన పనివాడికి పెద్ద విషయం కాదు.

మచ్చలకు కారకుడు మా మామయ్య. ఆప్యాయత ఎక్కువ. రెండో రోజు నేను ఆఫీసులో ఉండగా వచ్చి, గచ్చు ఎండుతోందని కంగారుపడి తడి గోనె సంచులు పరిపించాడు. "నీళ్ళు పెట్టని సిమెంటు ఎక్కడైనా ఉందా అల్లుడూ?" అని నన్నే అడిగాడు. మామూలు శ్లాబుకు ఆ మాట నిజం. రంగు గచ్చు మీద మాత్రం సంచి ఆనిన చోట ఒక రంగు, ముడత పడిన చోట ఇంకో రంగు వస్తుంది. ఓ మూల గోనె నేత గళ్ళు గళ్ళుగా ఇప్పటికీ కనిపిస్తుంది. అందరూ అదీ డిజైనే అనుకుంటారు. రెండు మూడు రోజులకు రిలీజ్ పౌడరు కడిగేసి, లోపలి తడి ఆరిపోకుండా ఆపే, రంగు కాంక్రీటుకు సరిపడే క్యూరింగ్ ద్రవం సమంగా కొట్టించడం దారి. ఇంట్లో పెద్దవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి.

జారడం గురించి. అచ్చు గరుకుగానే ఉంటుంది. జారేది కాపుదలకు పైన వేసే పూత, అంటే సీలరు. 28 రోజులు ఆరాక అక్రిలిక్ సీలరు వేశారు, మెరుపు బాగుందని నేనే రెండో పూత దట్టంగా వేయించాను. జూలైలో మొదటి గట్టి వానకు నాన్నగారు పాలప్యాకెట్లతో సహా జారిపడ్డారు. తర్వాత గరుకుపొడి కలిపిన పలచటి పూత వేయించాము, ఇప్పుడు చెప్పుల్లేకుండా తడిలో నడిచినా ఫరవాలేదు. మెరుపు వద్దు, మ్యాట్ అడగండి. ఎండకు కాలిన గచ్చు మీద పూస్తే బుడగలు, చెమ్మ ఉండగా పూస్తే తెల్ల పొర వస్తాయి. సాయంత్రం చల్లబడ్డాక పూయించండి. రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ ఒక పూత తప్పదు.

మన మేస్త్రీలకు చేతనవుతుందా అంటే, కింది పనంతా మనవాళ్ళు బంగారంలా చేస్తారు. రంగు, అచ్చు మాత్రం చేసి చూపించిన వాళ్ళకే ఇవ్వండి. ఫోనులో బొమ్మలు కాదు, రెండు వానాకాలాలు దాటిన గచ్చు ఒకటి చూపించమనండి. రేటు చెప్పినప్పుడు అందులో తవ్వకం, గ్రావెల్, కాంక్రీటు, ఇనుము ఉన్నాయా, ఒట్టి రంగూ అచ్చుల కూలేనా అని విడివిడిగా రాయించుకోండి. మాకు మొదట చెప్పిన చవక రేటు రెండో రకం. మూడడుగుల నమూనా పలక పోయించుకుని సీలరుతో సహా చూడండి. రంగుల పుస్తకంలో లేత గోధుమ రంగు మా ఎండలో ఇటుక రంగులా తేలింది.

ఇంకో రెండేళ్ళలో వీధిలో డ్రైనేజీ తవ్వకం ఉందని తెలిస్తే, లేదా మట్టి మార్చే ఖర్చు బరువనిపిస్తే, మొహమాటం లేకుండా పేవర్ బ్లాకులకు వెళ్ళండి. కుంగితే తీసి మళ్ళీ పరుచుకోవచ్చు. పాలిష్ గ్రానైటు మాత్రం వద్దు, వానకు అది మా మొదటి సీలరు కంటే ఘోరం.

చివరగా, కొలతలు ఇచ్చేముందు మీ అమ్మగారినో, మీ ఇంట్లో ముగ్గు వేసేవారినో అడగండి. మేము అడగలేదు. ధనుర్మాసం మొదటి రోజు అమ్మ కళ్ళాపి చల్లి ముగ్గుబుట్ట పట్టుకుని గేటు లోపల కూర్చుంది. చుక్కలు పెడితే సగం రాళ్ళ దర్జుల్లోకి జారిపోయాయి, గీత లాగితే ఎత్తుపల్లాల మీద తెగిపోయింది. ఒక్క మాట అనకుండా లేచి, మురుక్కాలవ మీద వేసిన సిమెంటు పలక మీదికి వెళ్ళి అక్కడ వేసుకుంది. నాలుగేళ్ళుగా అక్కడే వేస్తోంది. గేటు దగ్గర ఆరడుగుల నలుచదరం అచ్చు వేయకుండా, నున్నగా, ముదురు రంగులో వదిలేయమని కాంట్రాక్టరుకు చెప్పండి. దానికి ఖర్చేమీ పెరగదు.