థర్మల్ కెమెరా కంపెనీలో ఉద్యోగం: కెమెరా వేరు, దాని డ్రాయింగు వేరు

సందేహం: ఎమ్మెస్ పూర్తయింది. అమెరికాలోనే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు తయారుచేసే కంపెనీలో ఆఫర్ వచ్చింది, స్టెమ్ ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి) మీద చేరాలి. మీరు యూఎస్ పర్సనా, కాదా అని హెచ్ఆర్ వాళ్లు అడుగుతున్నారు. వాళ్ల కెమెరాని ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చు కదా, నా పౌరసత్వంతో పనేమిటి?

జవాబు: ముందుగా, ఆ ప్రశ్నకి "కాదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. యూఎస్ పర్సన్ అంటే అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులుగా గుర్తింపు పొందినవాళ్లు. ఎఫ్-1, హెచ్-1బీ, ఎల్-1, హెచ్-4 ఈఏడీ ఇవేవీ ఆ లెక్కలోకి రావు. ఐ-140 (మీకోసం కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయినా, ఐ-485 (మీ గ్రీన్ కార్డు దరఖాస్తు) వేసి ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నా సరే, గ్రీన్ కార్డు మంజూరయ్యేదాకా మీరు ఫారిన్ పర్సనే. ఉద్యోగం పోతుందన్న భయంతో ఇక్కడ తప్పు టిక్కు పెడితే తర్వాత సరిదిద్దుకోవడం చాలా కష్టం.

ఇక అసలు విషయం. నియంత్రిత టెక్నాలజీని గానీ సోర్స్ కోడ్‌ని గానీ అమెరికా గడ్డ మీదే ఒక విదేశీయుడికి చూపించినా, అది ఆ మనిషి దేశానికి ఎగుమతి చేసినట్టే అంటుంది వాణిజ్య శాఖ నిబంధనావళి ఈఏఆర్. దీన్ని డీమ్డ్ ఎక్స్‌పోర్ట్ అంటారు. పక్క సీటు ఇంజనీరు తన స్క్రీన్ మీద ప్రాసెస్ ఫ్లో తెరిచి మీకు వివరిస్తే, చట్టం దృష్టిలో అది ఇండియాకి చేరిపోయింది. డబ్బాలో పెట్టి పంపిన కెమెరాకి ఉన్నట్టే, ఈ మాటామంతీకీ లైసెన్సు అవసరమా కాదా అని చూడాల్సిందే.

అలా చూడాలంటే వర్గీకరణ సంఖ్య, అంటే ఈసీసీఎన్, చదవడం రావాలి. ఉదాహరణకి 6ఏ003 తీసుకోండి. మొదటి అంకె 6 సెన్సర్లు, లేజర్ల విభాగం. తర్వాతి అక్షరం ఏ అయితే వస్తువు, బి అయితే తయారీ లేదా పరీక్షా పరికరం, సి ముడిపదార్థం, డి సాఫ్ట్‌వేర్, ఈ టెక్నాలజీ. 6ఏ002 డిటెక్టర్లు, 6ఏ003 కెమెరాలు, 6ఏ005 లేజర్లు, 6ఏ008 రాడార్లు, లైడార్లు. 6ఈ001 అభివృద్ధి పరిజ్ఞానం, 6ఈ002 తయారీ పరిజ్ఞానం. కస్టమ్స్ వాళ్లు వాడే హెచ్ఎస్ కోడ్‌కీ దీనికీ సంబంధం లేదు. కొత్తవాళ్లు ఈ రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేయడం తరచూ జరుగుతుంది.

చల్లబరచాల్సిన పనిలేని మైక్రోబోలోమీటర్ (వేడిని పసిగట్టే సెన్సర్) కెమెరాని దగ్గరగా చూద్దాం. ఏరే, అంటే సెన్సర్ మీది పిక్సెళ్ల అమరిక, 320×256, మొత్తం 81,920 పిక్సెళ్లు; ఫ్రేమ్ రేటు 30 హెర్ట్జ్, అంటే సెకనుకి 30 ఫ్రేములు. సైనిక అవసరానికి చేసింది కాకపోతే ఇది 6ఏ003.బి.4.బి కిందికి వస్తుంది. ఇక్కడ 1,11,000 పిక్సెళ్లు, 60 హెర్ట్జ్ అన్న రెండు హద్దులు ఉన్నాయి. ఆ లోపు ఉన్న కెమెరాలకి కొన్ని దేశాల విషయంలో షరతులు కొంత తేలిక. 640×512 అయితే 3,27,680 పిక్సెళ్లు, ఆ హద్దు దాటేసింది. ఇప్పుడు అదే చిన్న కెమెరాని 9 హెర్ట్జ్ మించకుండా తయారుచేస్తే 6ఏ003.బి.4 కింద ఉన్న నోట్ 3 ప్రకారం అది ఆ పద్దులోంచి బయటికొచ్చి 6ఏ993.ఏ అవుతుంది. ఫోనుకి తగిలించే థర్మల్ కెమెరాలు చాలావరకు 9 హెర్ట్జ్ దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. ఆ వేగంలో ఒక ఫ్రేముకీ మరో ఫ్రేముకీ మధ్య 111 మిల్లీసెకన్లు పోతాయి. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఆలోపు దాదాపు 1.85 మీటర్లు జరిగిపోతుంది. కదిలే లక్ష్యాన్ని వెంబడించడానికి అంత పనికిరాదు, గోడలో తేమ వెతకడానికి నిక్షేపంగా సరిపోతుంది.

మీ పేరు మీదికి రాగల పొరపాటు కూడా ఇక్కడే ఉంది. ఆ 9 హెర్ట్జ్ కట్టడిని తీసేసే ఫర్మ్‌వేర్‌కి విడిగా 6డి003.సి అని సంఖ్య ఉంది. టెస్టింగ్ సౌకర్యం కోసం రాసుకున్న చిన్న ప్యాచ్ అనుకుని దాన్ని ఇండియాలోని టీముకి మెయిల్ చేస్తే, మీరు పంపింది బయట అమ్ముకునే కెమెరా సాఫ్ట్‌వేర్ కాదు, నియంత్రిత సాఫ్ట్‌వేర్.

ఇప్పుడు మీ ప్రశ్నకి నేరుగా వస్తాను. మీ కంపెనీ కెమెరా 9 హెర్ట్జ్ మించనిదైతే అది 6ఏ993.ఏ, కాబట్టి తేలిగ్గా అమ్ముడుపోతుంది. కానీ దాని లోపలున్న ఫోకల్ ప్లేన్ ఏరేని, అంటే బొమ్మ పడే సెన్సర్ చిప్పుని, విడిగా తీసి చూస్తే అది 6ఏ002.ఏ.3.ఎఫ్. ఆ ఏరేని తయారుచేసే పరిజ్ఞానం 6ఈ002. నియంత్రిత వస్తువుకి తప్పనిసరైన టెక్నాలజీని తక్కువ నియంత్రణ ఉన్న వస్తువులో వాడినా ఆ టెక్నాలజీ మీద నియంత్రణ పోదని జనరల్ టెక్నాలజీ నోట్ చెబుతోంది. ఏ దేశానికి ఏ కారణంతో లైసెన్సు కావాలో చూపే ఈఏఆర్ పట్టిక, కంట్రీ చార్టులో ఇండియా వరుస చూడండి, ఎన్ఎస్ 1 (జాతీయ భద్రత), ఆర్ఎస్ 1 (ప్రాంతీయ స్థిరత్వం) గడుల్లో ఎక్స్ ఉంటుంది, అంటే లైసెన్సు కావాలి. 2018లో ఇండియాని లైసెన్సు విషయంలో వెసులుబాటు ఉన్న ఏ:5 దేశాల జాబితాలోకి తీసుకున్నారు కాబట్టి ఇక ఏమీ అక్కర్లేదని కొందరు ధీమాగా చెబుతారు. ఆ మాట నమ్మి ఫోల్డరు తెరవకండి. ఆ వెసులుబాటుకి సెన్సర్ల దగ్గర మినహాయింపులున్నాయి.

అందరికీ దొరికే డేటాషీటు, ప్రచురితమైన పేపరు చదవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. కెమెరా ఆన్ చేసి బొమ్మలు తీయడం, లెన్సు మార్చడం అభివృద్ధీ కాదు, తయారీ పరిజ్ఞానమూ కాదు. అయితే ఇది ఈఏఆర్ కింద ఉన్న వస్తువుల సంగతి. వస్తువు యూఎస్ఎమ్ఎల్ (అమెరికా సైనిక సామగ్రి జాబితా) 12వ కేటగిరీలో, అంటే ఫైర్ కంట్రోల్, లేజర్, ఇమేజింగ్ సైనిక సామగ్రిలో ఉంటే విదేశాంగ శాఖ నడిపే నిబంధనావళి ఐటార్ వర్తిస్తుంది. అక్కడ వాడే పద్ధతి, మరమ్మతు వివరాలు కూడా టెక్నికల్ డేటాయే. ఐటార్ భాగం ఒక్కటి పెద్ద వ్యవస్థలో బిగించినా దాని మీద నియంత్రణ కొనసాగుతుంది. అందుకే వర్గీకరణ ఎప్పుడూ యూఎస్ఎమ్ఎల్ నుంచే మొదలుపెట్టాలి. అక్కడ లేదని తేలాక ఈఏఆర్‌లోనే సైనిక సంబంధ వస్తువులుండే 600 సిరీస్, ఆ తర్వాత 6వ విభాగం, ఎందులోనూ లేకపోతే చిట్టచివర ఈఏఆర్99. సంఖ్య దొరకలేదు కదా అని ముందే ఈఏఆర్99 అనేయడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు. ఏ శాఖ కిందికి వస్తుందో తేలకపోతే కంపెనీ డీఎస్-4076 ఫారంతో కమోడిటీ జ్యూరిస్డిక్షన్ అడుగుతుంది. అది మీ పని కాదు, కానీ జవాబు వచ్చేదాకా ఆ ప్రాజెక్టుకి దూరంగా ఉండడం మీ పనే.

హెచ్-1బీ దశకి వచ్చాక మీకోసం కంపెనీ వేసే ఐ-129 పిటిషన్ ఫారంలో పార్ట్ 6 ఉంటుంది. మీకు చూపబోయే టెక్నాలజీకి లైసెన్సు అక్కర్లేదు అన్న గడి ఒకటి, కావాలి, వచ్చేదాకా చూపించం అన్న గడి ఇంకొకటి. కంపెనీ ఏది టిక్కు పెట్టిందో అడిగి, కాపీ ఉంచుకోండి. ఓపీటీలో ఈ ఫారం లేదు కాబట్టి నిబంధన కూడా లేదనుకోవద్దు; చట్టం మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. చేరిన వారంలోనే మీరు పనిచేసే వస్తువు, సోర్స్ కోడ్, డ్రాయింగులు మూడింటి ఈసీసీఎన్‌లనూ విడివిడిగా ఎక్స్‌పోర్ట్ కంప్లయన్స్ వాళ్ల దగ్గర మెయిల్‌లో రాయించుకోండి. మీ మేనేజరు నోటిమాట చాలదు. షేర్డ్ డ్రైవులో మీకు అనుమతి లేని ఫోల్డరు తెరుచుకుంటే, లోపలికి వెళ్లకుండా వెంటనే తెలియజేయండి.

కెనడా పౌరసత్వం తీసుకుని అమెరికా వచ్చినవాళ్లకి ఒక తేడా ఉంది. ఈఏఆర్ చివరగా వచ్చిన పౌరసత్వాన్నో శాశ్వత నివాసాన్నో చూస్తుంది, కాబట్టి కెనడాగానే లెక్క. ఐటార్ మాత్రం ఇదివరకటి భారత పౌరసత్వాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. ఓసీఐ ఉన్న అమెరికా పౌరులు యూఎస్ పర్సన్లే.

సెలవుకి ఇంటికి వెళ్లేటప్పుడు ఆఫీసు ల్యాప్‌టాప్ విషయంలో జాగ్రత్త. అందులో 6ఈ002 ఫైలుంటే శంషాబాద్‌లో దిగిన క్షణానికి అది నిజమైన ఎగుమతే. వీపీఎన్‌లో లాగిన్ అయి హైదరాబాద్‌లో తెరిచినా అంతే. ఎన్‌క్రిప్షన్ ఉందన్న వాదన అక్కడ దాన్ని విప్పి చదివిన తర్వాత నిలబడదు. అమెరికాలో మీకోసం తెచ్చిన డీమ్డ్ ఎక్స్‌పోర్ట్ లైసెన్సు ఇండియా నుంచి పనిచేయడానికి చెల్లుతుందని మీరే అనుకోకండి, అందులోని షరతులు చదివించుకోండి. ఖాళీ లోనర్ ల్యాప్‌టాప్ అడిగి తీసుకెళ్లడం మంచిది. ఇండియా నుంచి బయటికి పంపే వాటికి డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) వారి స్కోమెట్ అనే నియంత్రిత ఎగుమతుల జాబితా విడిగా ఉంది. సెన్సర్లు, లేజర్లు అందులో 8ఏ6.

శిక్షలు తేలికవి కావు. 2007లో ఐటీటీ కార్పొరేషన్ నైట్ విజన్ సాంకేతిక సమాచారాన్ని అనుమతి లేకుండా విదేశాలకి పంపినట్టు ఒప్పుకుని 10 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. వ్యక్తులకైతే ఉద్దేశపూర్వక ఉల్లంఘనకి 20 ఏళ్ల దాకా జైలు ఉంది.

గ్రీన్ కార్డు మంజూరైన రోజే కంప్లయన్స్ వాళ్లకి చెప్పండి. మీ పేరు మీదున్న ఆంక్షలు వాటంతటవే తొలగవు, వాళ్లు రికార్డు మార్చి యాక్సెస్ ఇచ్చాకే ఆ ఫోల్డరు తెరవండి.