కుర్రాడి హెచ్‌బీ ఎంత?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల ఆరు అధ్యాయాలూ చదివాను. ఖమ్మం ఖిల్లా, అందులోని మెట్ల బావి, పాత పటం చేజిక్కించుకున్న నలుగురు పిల్లలు, వాళ్లలో తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారు కాని పుట్టు జబ్బు) ఉన్న పదేళ్ల కుర్రాడు. సరుకు మంచిదే. అయితే ఆ కుర్రాడి జబ్బు మొదటి అధ్యాయంలో ఒకసారి కనిపించి, తల్లి చేత కన్నీళ్లు పెట్టించి, ఆరో అధ్యాయంలో వాడు స్పృహ తప్పి పడిపోయేదాకా అజాపజా లేకుండా పోయింది. మధ్యలో వాడు మిగతా ముగ్గురితో సమానంగా పరుగెత్తాడు, గోడలూ ఎక్కాడు.

ఈ పొరపాటు నేనూ చేశాను. నా తొలి ధారావాహికలో ఇలాంటి కుర్రాణ్నే, రక్తం ఎక్కించుకోవలసిన రోజుకు ముందు రోజున, గుట్ట ఎక్కించాను. ఆ భాగాన్ని ఒక వార్డులో చదివి వినిపిస్తుంటే, చేతికి క్యాన్యులా (నరంలోకి రక్తం ఎక్కించే సన్నని గొట్టం) పెట్టుకొని మంచం మీద కూర్చున్న పాప నన్ను ఆపి, “ముందు రోజా తాతా? ఆ రోజు నేను బడి మెట్లే ఎక్కలేను” అన్నది. పక్క మంచం కుర్రాడు ఇంకా సూటిగా, “వాడి హెచ్‌బీ ఎంత?” అని అడిగాడు. హెచ్‌బీ అంటే హిమోగ్లోబిన్, రక్తం తగినంత ఉందో లేదో చెప్పే కొలత. నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లలు పరీక్ష మార్కులు చెప్పుకున్నట్లు హెచ్‌బీ అంకెలు చెప్పుకుంటారని అప్పుడే తెలిసింది.

కాబట్టి రెండో అధ్యాయం తిరగరాసే ముందు నీ కుర్రాడికి ఒక క్యాలెండర్ గీసి పెట్టుకో. తలసీమియా మేజర్, అంటే ఆ జబ్బులో తీవ్రమైన రకం, ఉన్న పిల్లలకు సాధారణంగా మూడు, నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన కొత్తలో ముఖం తేటగా ఉంటుంది, ఆటకు ఒళ్లు సహకరిస్తుంది. మూడో వారం దాటేసరికి హెచ్‌బీ తొమ్మిదికి అటూ ఇటూ దిగి, పెదవులు పాలిపోయి, ఆయాసమూ చిరాకూ మొదలవుతాయి. సాహస కథకు ఇంతకంటే మంచి గడియారం దొరకదు. రక్తం ఎక్కిన నాలుగో రోజున బావిలోకి దిగిన పిల్లవాడు, ఇరవయ్యో రోజున దిగిన పిల్లవాడు ఒకడు కాడు. దిగడం ఎవరికైనా తేలికే. పైకి వచ్చేటప్పుడు మిగతా ముగ్గురూ రివ్వున ఎక్కిపోతే, వీడు పది మెట్లకోసారి ఆగుతాడు. ఆయాసం కనబడకుండా ఉండడానికి గోడ రాళ్లను పరిశీలిస్తున్నట్లు నటిస్తాడు. అలా నిలబడినప్పుడే, పరుగున వెళ్లినవాళ్లకు కనిపించని గుర్తు వాడి కంట పడాలి. ఇప్పుడు నీ కథలో ఆ గుర్తును పక్షి ఒకటి చూపిస్తున్నది; ఆ పక్షిని తీసెయ్యి.

కథ వేసవి సెలవుల్లో పెట్టావు, బాగుంది. కాలేజీలు మూసిన ఆ నెలల్లోనే రక్తదాన శిబిరాలు తగ్గి, బ్లడ్ బ్యాంకుల్లో కటకట వస్తుంది. నువ్వు కష్టపడి తెచ్చిన గుబురు మీసాల ఆ విగ్రహాల దొంగకంటే (వాడు నాకు నచ్చలేదు) ఆ కొరతే పిల్లల్ని ఎక్కువ ఉత్కంఠలో పెడుతుంది. కానీ స్నేహితుడు రక్తమిచ్చి కాపాడే ఘట్టం మాత్రం పనికిరాదు, ఎందుకంటే పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల దగ్గర రక్తం తీసుకోరు. పోయిన నెల ఇచ్చిన మేనమామ కూడా మళ్లీ ఇవ్వలేడు. మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు ఎడం ఉండాలి. అందుకని నీ నలుగురూ ఊళ్లో దాతల కోసం తిరగాలి. ఆ తిరుగుడులోనే పటం తాలూకు ముసలాయన తారసపడవచ్చు.

మందుల సంగతి పూర్తిగా వదిలేశావు. ఒక్కో సంచి రక్తంతో దాదాపు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది, దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. అందుకే ఆ ఇనుమును బయటికి పంపే మందు రోజూ వాడాలి. గ్లాసు నీళ్లలో కలిపి పరగడుపున తాగే మాత్ర ఒకటుంది. కొన్ని మందులకు మూత్రం ఎర్రబడుతుంది. పిల్లలు ఈ విషయం చదివి పడీ పడీ నవ్వుతారు, మొహమాటపడకుండా రాయి. ప్లీహం (పొట్టలో ఎడమవైపు ఉండే అవయవం) పెరిగిన పిల్లవాడి పొట్టకు దెబ్బ తగలకూడదు కనుక దొంగతో కుస్తీ వీడికి వద్దు.

తల్లిని ఏడుపుకే పరిమితం చేయకు. నేను చూసిన తల్లులు నరం దొరకక మూడుసార్లు పొడిచిన రోజున కూడా ఒక చేత్తో పిల్లవాణ్ని పట్టుకొని, రెండో చేత్తో తేదీలూ హెచ్‌బీ అంకెలూ చిన్న నోటుపుస్తకంలో రాసుకునేవారు. ఆ పుస్తకం నీ కథలో ఉండాలి. పటం వెనకాల లెక్క విప్పడం ఆమెకు చేతనవుతుంది.

ముగింపు ఎలా ఉండాలని అడిగావు. నిధిలో దొరికిన మూలికతో జబ్బు నయం చేయవద్దు, పాఠకుల్ని ఏడిపించడానికి వాణ్ని చంపనూ వద్దు. ఎముక మజ్జ మార్పిడితో నయమైన పిల్లలున్నారు గాని, సరిపోయే దాత దొరకాలి, నెలల తరబడి చికిత్స కావాలి. ఆఖరి పేజీలో ఇరికిస్తే ఇమడదు. నీ కథలోని రోజులు లెక్కేస్తే నిధి దొరికిన మరునాడు, రక్తం ఎక్కించాక ఇరవై రెండో రోజు. అంటే వాడు మళ్లీ రక్తం ఎక్కించుకోవడానికి అమ్మతో కలిసి హైదరాబాద్ పోయే తెల్లవారుజాము బస్సులో ఉంటాడు. ముగ్గురు స్నేహితులూ కళ్లు నులుముకుంటూ బస్టాండుకు వస్తారు. వాడు లేకుండా పెట్టె తెరవబోమని కిటికీలోంచి తాళంచెవి వాడి చేతికే ఇచ్చి పంపుతారు.

ఆ అధ్యాయం రాశాక పంపు.

మీ పెదనాన్న