ఆ చెట్టును ఎవరు చూస్తున్నారు?

ప్రేమ కోసం వెతికే స్త్రీ కథలో చెట్టు, తుఫాను, దిగంతం దేనికి ప్రతీకలో ఒక్కోదానికి ఒక్కో అర్థం రాసుకుంటే సరిపోతుందా అని అడిగారు. మీరు చదువుతున్న జోరా నీల్ హర్‌స్టన్ నవల 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' (1937) నాకు ప్రాణం. ఎమ్మేలో నేనూ అలాగే పట్టిక గీసుకున్నాను: చెట్టు అంటే కోరిక, తుఫాను అంటే విధి. పరీక్షకు పనికొచ్చింది గానీ ఆ నవల్లోని స్త్రీ జానీ నాకు అర్థం కాలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పియర్ చెట్టును నేనెప్పుడూ చూడలేదు. పదహారేళ్ల జానీ ఆ పూల కింద పడుకుని, తేనెటీగలను చూస్తూ పెళ్లంటే ఇదన్నమాట అనుకునే చోట నాకు మా జీడి తోటే కనిపించింది. పూత మీదున్నప్పుడు ఆ తియ్యటి వాసన ఇంట్లోకి కూడా వచ్చేస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకో సంబంధం వచ్చింది. అమ్మమ్మ అబ్బాయి పేరు కూడా చెప్పలేదు. "ఆరెకరాల జీడి తోటే! ఇంకేటి కావాలి నీకు?" అంది. జానీ అమ్మమ్మా అంతే, 60 ఎకరాలున్నాయని లోగన్ అనే రైతుకిచ్చి చేసేస్తుంది. ఇద్దరు అమ్మమ్మల మీదా కోపం వచ్చింది నాకు. ఆ సంబంధం వద్దన్నాను.

కోపం తగ్గడానికి చాలా ఏళ్లు పట్టింది. మా అమ్మమ్మ పలాసలో జీడి పిక్కలు కొట్టి పిల్లల్ని పెంచిన మనిషి. ఆ జీడికి వేళ్లు నల్లబడి, తోలు ఊడిపోయేది. జానీ అమ్మమ్మ బానిసగా పుట్టిన మనిషి. తోట అంటే వాళ్లకు పూత కాదు, ఎవరి కిందా పడి ఉండక్కర్లేని బతుకు. అందుకే చెట్టు దేనికి ప్రతీక అని కాక, దాన్ని ఎవరు చూస్తున్నారని అడగండి. జానీ మాత్రం ప్రతి మగవాడినీ ఆ పూతతోనే పోల్చి చూస్తుంది. రెండో భర్త జో స్టార్క్స్‌లో పూత లేదని తెలిసీ, అతను దూరపు దిగంతం గురించి మాట్లాడాడని వెంట వెళ్తుంది. నాకు ఎక్కువ బాధ కలిగేది అక్కడే. టీ కేక్ అనే మూడో భర్త వచ్చాక గానీ పువ్వు మీద వాలే తేనెటీగ కనిపించదు ఆమెకు.

తుఫాను సంగతికొస్తే, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ మా మీద పడింది. జీడి, కొబ్బరి వేళ్లతో సహా లేచిపోయాయి. ఆ తర్వాత మళ్లీ చదివితే 'విధి' అన్న నా మాట చాలా తేలిగ్గా అనిపించింది. నవల్లో తుఫాను తెచ్చిన వరదలోనే పిచ్చికుక్క టీ కేక్‌ను కరుస్తుంది. అక్కడి నుంచి జానీ అతని మీదే తుపాకీ ఎత్తాల్సి వచ్చేదాకా ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి. అది నిజమైన గాలి, నిజమైన నీళ్లు. మీ జవాబులో ముందు దాన్ని అలాగే రాయండి, ప్రతీక సంగతి తర్వాత.

చివర్లో ఒకటి చాలామంది దాటేస్తారు. ఇంట్లో ఉన్నవన్నీ ఇచ్చేసి, టీ కేక్ నాటాలని కొనిపెట్టుకున్న విత్తనాల పొట్లం ఒక్కటే జానీ దాచుకుంటుంది. తిత్లీ తర్వాత ఏడాది వానలకు, పడిపోయిన చెట్ల మధ్య గుంతలు తీయించి అమ్మమ్మ జీడి మొక్కలు వేసింది. కాపుకు మూడు నాలుగేళ్లు ఆగాలని ఆవిడకు తెలుసు.