‘నాకేం కాలేదు’ అన్నా నమ్మవద్దు

మారతహళ్ళిలో ఒక పీజీలో ఉంటూ కొత్తగా ఉద్యోగంలో చేరిన నెల్లూరు కుర్రవాడొకడు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథికి ఆపరేషన్ జరిగిన నాటినుంచి, ఒంట్లో తయారుకాని కార్టిసాల్ హార్మోనుకు బదులుగా రోజూ హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నవాడు, మొన్న నన్నొక ప్రశ్న అడిగాడు. “జ్వరం వస్తే మోతాదు రెట్టింపు చేయమన్నారు, వాంతులైతే ఇంజెక్షన్ తీసుకోమన్నారు, అన్నీ గుర్తున్నాయండీ. కాని ఆ సమయానికి నా బుర్రే పనిచేయకపోతే ఈ గుర్తున్నవన్నీ ఏం చేసుకోను?” అన్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా బెంగళూరులో ఉంటూ, అందులో పదమూడేళ్ళు ఇవే మాత్రల మీద బతుకుతున్న నన్ను ఇంత సూటిగా ఇంతవరకు ఎవరూ అడగలేదు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఊళ్ళో దిగే దూరంలో ఉన్న మనల్ని ఎన్నారైలనడం వేళాకోళంగానే ఉంటుంది గాని, అద్దె గదిలో అర్ధరాత్రి ఒంటరిగా వాంతులు చేసుకుంటున్నవాడికి బెంగళూరైనా బోస్టనైనా ఒకటే.

అతనికి చెప్పిన జవాబే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆపద ముంచుకొచ్చిన ఆ సమయంలో మీకేం జరుగుతోందో మీకు తెలియదు. తెలియదన్న సంగతి ముందే ఒప్పుకొని, ఆ గంటలో మీ బదులు నిర్ణయం తీసుకొనే మనిషిని, మీ మతి స్థిమితంగా ఉన్న ఈ రోజే కుదుర్చుకోవాలి.

మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే రెండు అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. ఈ గ్రంథులు చెడిపోతే వచ్చే జబ్బును 1855లో లండన్‌లో థామస్ ఆడిసన్ అనే వైద్యుడు వర్ణించాడు కనుక దానికి ఆయన పేరే పెట్టారు. ఆయన కాలంలో దానికి ముఖ్య కారణం క్షయ. మన దేశంలో ఇప్పటికీ క్షయ దానికొక కారణమే, నాకు వచ్చింది కూడా అలాగే. గ్రంథులు బాగానే ఉన్నా వాటికి ఆజ్ఞలిచ్చే పిట్యూటరీ దెబ్బతిన్నవాళ్ళు, కాన్పులో విపరీతంగా రక్తం పోయి ఆ తరువాత ఆ గ్రంథి పాడైన తల్లులు, ఉబ్బసానికో కీళ్ళవాతానికో నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడి ఒక్కసారిగా మానేసినవాళ్ళు కూడా ఇదే గండంలో ఉంటారు. మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో ఇచ్చే పేరులేని పొడులలో స్టెరాయిడ్ కలిసి ఉండడం కద్దు. అమ్మానాన్నలు బెంగళూరు వచ్చి, ఆ పొడి అయిపోయి నీరసపడిపోతే, ఆ నీరసాన్ని ప్రయాణపు బడలికగా కొట్టిపారేయకండి.

ఆరోగ్యవంతుడికి జ్వరం వచ్చినా, ఎముక విరిగినా, ఆపరేషన్ జరిగినా శరీరం తనంతట తానే కార్టిసాల్‌ను కొన్ని రెట్లు పెంచుకుంటుంది. మనకు ఆ పెంపు మాత్రల ద్వారానే జరగాలి. అది జరగకపోయినా, మింగిన మాత్ర వాంతిలో పోయినా, బీపీ పడిపోతుంది, రక్తంలో సోడియం తగ్గుతుంది, కొందరిలో షుగర్ కూడా దిగజారుతుంది. ఈ మూడూ మెదడు మీద దెబ్బ తీసేవే. ఆపదను గుర్తించవలసిన అవయవమే ఆపదలో మొదట మసకబారడం ఈ జబ్బులోని చిక్కు. దీనినే వైద్యులు అడ్రినల్ క్రైసిస్ అంటారు, వెంటనే చికిత్స అందకపోతే ప్రాణం పోతుంది.

ఆ మసక ఎలా ఉంటుందో నాకు జరిగినది చెబుతాను. ఒక పెళ్ళి భోజనం చేసి వచ్చిన రాత్రి విరేచనాలు మొదలయ్యాయి, తెల్లవారుజామున రెండుసార్లు వాంతి అయింది. నా ఉదయపు మోతాదు ఒకటిన్నర మాత్ర. దాన్ని రెట్టింపు చేయాలని తెలుసు, అందుకే మాత్రల అట్ట పట్టుకొని వంటగదిలో గట్టు దగ్గర నిలబడ్డాను. ఒకటిన్నరకు రెట్టింపు ఎంత అన్న లెక్క తేలలేదు. ఒకటి ఊడదీసి గట్టు మీద పెట్టడం, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టడం, ఇలా ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు, అరగంట అని మా ఆవిడ అంటుంది. “ఏమండీ, మాత్ర వేసుకున్నారా?” అని ఆమె అడిగితే “ఆఁ, నాకేం కాలేదు, కాసేపు పడుకుంటే సరిపోతుంది” అన్నానట. మళ్ళీ అడిగితే అదే మాట, అదే గొంతుతో, ఒక్క అక్షరం తేడా లేకుండా. అయిదోసారికి ఆమెకు భయం పట్టుకుంది. మాత్రలు వేసుకోనే లేదు. వాటి అట్ట మూడు రోజుల తరువాత ఉప్పు డబ్బాలో దొరికింది. అబద్ధం చెప్పాలని నేను చెప్పలేదు. నాకు నిజంగానే ఏమీ కాలేదనిపించింది, పైగా ఈమె ఎందుకిలా వేధిస్తోందని చిరాకు కూడా కలిగింది.

ఆ ‘నాకేం కాలేదు’ను రోగలక్షణాల జాబితాలో చేర్చాలని అప్పటినుంచి కనబడ్డవారికల్లా చెబుతున్నాను. మామూలుగా పుస్తకాలు చెప్పే గుర్తులు వేరే ఉన్నాయి: ఎన్నడూ లేనంత నీరసం, వికారం, వాంతులు, కడుపునొప్పి, లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, కాళ్ళూ నడుమూ లాగడం, ఒళ్ళు చల్లబడి పాలిపోవడం. వీటితోపాటు పక్కవాళ్ళు గమనించవలసినవి మాట తీరులో ఉంటాయి. మొదలుపెట్టిన వాక్యం పూర్తిచేయలేకపోవడం, చెప్పిందే చెప్పడం, సులువైన లెక్క తప్పడం, శాంతంగా ఉండే మనిషి కసురుకోవడం, పిలిస్తే పలికి వెంటనే మగతలోకి జారిపోవడం. పనిమనిషి కన్నడంలో అడిగినదానికి ఇన్నేళ్ళుగా కన్నడంలోనే జవాబిచ్చే నేను ఆ ఉదయం తెలుగులో ఏదో గొణిగానట. పీజీలో అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే తూలుతూ ముద్దముద్దగా మాట్లాడే కుర్రవాణ్ణి చూసి తాగి వచ్చాడని దుప్పటి కప్పి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. అందుచేత మీకు జబ్బుందన్న సంగతి గదిలో ఉన్నవాళ్ళకు చెప్పడానికి సిగ్గుపడవద్దు. కెనెడీ అమెరికా అధ్యక్షుడై ఉండి కూడా తనకున్న ఆడిసన్ జబ్బును జనం దగ్గర దాచుకున్నాడు. ఆయన చుట్టూ వైద్యులున్నారు, మన చుట్టూ ఉన్నది రూమ్మేట్లు.

మా ఇంట్లో ఆ తరువాత ఒక ఒప్పందం రాసుకున్నాం. అది నా చేతిరాతతోనే, నా సంతకంతోనే, బీరువా తలుపు లోపలివైపు అతికించి ఉంటుంది. రెండుసార్లు వాంతి అయినా, మాత్ర వేసుకున్న గంటలోపు అది వాంతిలో పోయి మళ్ళీ వేసుకున్నదీ నిలవకపోయినా, పిలిచినప్పుడు నా మాట పొంతన తప్పినా, నా అనుమతి అడగకుండా ఇంజెక్షన్ ఇవ్వవచ్చు, నేను వద్దని చేయి తోసినా ఇవ్వవచ్చు అని అందులో ఉంది. అనుమానం వస్తే మా ఆవిడ మూడు ప్రశ్నలు వేస్తుంది: ఈ రోజు ఏ వారం, మధ్యాహ్నం మాత్ర ఎంత, దాన్ని రెట్టింపు చేస్తే ఎంత. ఒక్కటి తప్పినా, జవాబుకు మరీ తడుముకున్నా, ఇక చర్చ లేదు. ఒకవేళ అది క్రైసిస్ కాకపోతే అనవసరంగా ఇచ్చిన ఆ ఒక్క మోతాదు వల్ల వచ్చే హాని దాదాపు లేదు. ఇవ్వవలసినప్పుడు ఇవ్వకపోతే జరిగేదానితో దానికి పోలికే లేదు. ఒంటరిగా ఉండేవాళ్ళు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి ఎవరికైనా మెసేజ్ పెట్టే అలవాటు చేసుకొని, అది రాకపోతే తలుపు తట్టే మనిషిని అదే భవనంలో కుదుర్చుకోవాలి. గుంటూరులో ఉన్న అమ్మకు మెసేజ్ పెట్టడం మంచిదే, కాని ఆమె వచ్చి తలుపు తట్టలేదు.

ఇంజెక్షన్ అంటే హైడ్రోకార్టిసోన్ సోడియం సక్సినేట్, పెద్దవాళ్ళకు 100 మిల్లీగ్రాములు, తొడ బయటివైపు మధ్యభాగంలో కండకు ఇస్తారు. పిల్లల మోతాదు వయసును బట్టి మారుతుంది కనుక డాక్టరు రాసి ఇచ్చినదే పాటించాలి. చిన్న సీసాలో తెల్లటి పొడి ఉంటుంది. ఇంజెక్షన్ నీళ్ళు సిరంజితో 2 మిల్లీలీటర్లు తీసి, రబ్బరు మూతలోంచి ఎక్కించి, పొడి పూర్తిగా కరిగేదాకా మెల్లగా తిప్పి, మళ్ళీ సిరంజిలోకి లాగి, గాలి బుడగ పైకి పంపి ఇవ్వాలి. చదవడానికి ఇంతే, చేతులు వణుకుతున్నప్పుడు మాత్రం నీళ్ళ గాజు ఆంప్యూల్ మెడ విరవడమే మహా గగనమైపోతుంది. మా ఆవిడ గడువు తీరిన సీసాలతో బత్తాయి పండు మీద నాలుగైదుసార్లు సాధన చేసింది, మీ డాక్టరుగారి దగ్గర నర్సు చేత ఒకసారి చూపించుకుంటే ఇంకా మేలు. రెండు సీసాలు, నీళ్ళు, సిరంజులు, సూదులు, దూది, డాక్టరు ఉత్తరం, ఇవన్నీ ఒకే డబ్బాలో పెట్టి దాని మూత మీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి.

ఇంజెక్షన్ ఇచ్చినంతమాత్రాన ఇంట్లో ఉండిపోకూడదు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తులో పెట్టి, 108కి ఫోన్ చేయాలి. మగతలో ఉన్నవాణ్ణి, వాంతి చేసుకుంటున్నవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, అతని నోట్లో నీళ్ళూ చక్కెరా పోయరాదు. మెలకువగా ఉండి మింగగలవాడికైతే ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగించవచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి ఏ వాహనమైనా ఎంతసేపట్లో వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఇంట్లో పడే ఆ మొదటి మోతాదుకు అంత విలువ.

ఆ పెళ్ళి భోజనం మర్నాడు ఆసుపత్రిలో మాకు జరిగినదీ చెప్పాలి. పేరు అనవసరం. నా బీపీ 80కి 50 ఉన్నా, షుగర్ 54 ఉన్నా, మా ఆవిడ ఆడిసన్ జబ్బని చెబుతున్నా, డ్యూటీ డాక్టరు అది కలుషితాహారమేనని, రక్తపరీక్షలు వచ్చాక చూద్దామని, స్టెరాయిడ్ ఇస్తే ఇన్‌ఫెక్షన్ ముదురుతుందని నలభై నిమిషాలు ఆపాడు. ఆయన దురుద్దేశంతో చేశాడనుకోను, ఈ జబ్బు అరుదు కనుక చాలామంది చదివి ఉంటారేగాని చూసి ఉండరు. పెద్ద డాక్టరు వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ వేగంగా ఎక్కించిన గంటకు నేను కళ్ళు తెరిచి “ఇది ఏ ఆసుపత్రి?” అని అడిగానట. కాబట్టి ఉత్తరంలో మీ డాక్టరు చేత స్పష్టంగా రాయించుకోండి: పరీక్షలకు రక్తం తీయవచ్చు, ఫలితాల కోసం మాత్రం ఆగకూడదు, వెంటనే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్, మొదటి గంటలో ఒక లీటరు నార్మల్ సెలైన్, ఆ తరువాత 24 గంటల్లో 200 మిల్లీగ్రాములు. కాగితం చూపించేసరికి వాదన సగం తగ్గుతుంది. కన్నడంలో “ఇవరిగె స్టెరాయిడ్ ఇంజెక్షన్ తక్షణ బేకు” అన్న ఒక్క వాక్యం మీ పక్కవాళ్ళకు కంఠతా వచ్చి ఉండాలి, ఎందుకంటే గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి నుంచి స్ట్రెచర్ తోసే మనిషి దాకా ముందు ఆ భాషే వినాలి.

గండాన్ని కొనితెచ్చేవాటిలో కొత్తగా ఊరు మారినవాళ్ళకు ముఖ్యమైనది కడుపు. నీళ్ళు మారి, తిండి మారి మొదటి నెలల్లో విరేచనాలు పట్టుకోవడం మామూలే, మనకు మాత్రం అది మామూలు కాదు. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే మోతాదు రెట్టింపు, 39 దాటితే మూడింతలు అన్నది సాధారణంగా చెప్పే లెక్క. మీ లెక్క మీ డాక్టరుతో ఖాయం చేసుకొని రాసిపెట్టుకోండి. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఒంట్లో కార్టిసాల్‌ను త్వరగా కరిగించేస్తుంది కనుక ఆ మందు మొదలుపెట్టేటప్పుడు మీ మాత్రల సంగతి చెప్పి తీరాలి. కార్టిసాల్ లోటు సరిదిద్దకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టినా ఇదే ముప్పు. పళ్ళు పీకించుకోవడం దగ్గరనుంచి ఏ ఆపరేషన్‌కైనా, మోతాదు ఎంత పెంచాలో డాక్టరును ముందే అడగాలి.

ఇక సంక్రాంతికి ఊరు వెళ్ళే బస్సు సంగతి. ఆ డబ్బాను పెట్టెలో పెట్టి డిక్కీలో వేయించకండి, కర్నూలు దాటాక వాంతులు మొదలైతే డ్రైవరు బస్సు ఆపి, క్లీనరు పది పెట్టెలు దింపి వెతకాలి. ఒళ్ళోని సంచిలో ఉంచుకొని, పక్కసీటు మనిషికి ఒక్కమాట చెప్పి నిద్రపోండి. బస్సెక్కేముందు సీసాల మీద గడువు తేదీ చూడండి. ఆ నెల్లూరు కుర్రవాడి దగ్గరున్న రెండింటిలో ఒకదానికి గడువు ఆరు నెలల క్రితమే తీరిపోయింది, దాన్ని బత్తాయికి కేటాయించాం.