నెలకి ఎన్ని పేజీలు తీస్తారో లెక్కేసుకున్నాకే ప్రింటర్ కొనండి

ఇద్దరు స్కూలు పిల్లలు, అప్పుడప్పుడూ ఆఫీసు కాగితాలు, ఏడాదికి నాలుగైదు ఫొటోలు. వీటికి ప్రింట్, స్కాన్, జిరాక్స్ మూడూ చేసే ఇంక్‌జెట్ తక్కువలో ఏది తీసుకోవాలని అడిగారు. మోడళ్లు తరచూ మారిపోతుంటాయి కాబట్టి ఒక్క పేరు పట్టుకుని ఇదే కొనండి అనలేను. నేను కొని ఇబ్బందిపడ్డ కథ చెప్తాను, అది మీకు ఎక్కువ పనికొస్తుంది.

మొదటిసారి షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా చవకది తెచ్చాను. ప్రింటర్‌తో పాటు వచ్చే కార్ట్రిడ్జ్‌లలో చాలాసార్లు ఇంక్ తక్కువే ఉంటుందని అప్పుడు తెలీదు. నెలన్నరకే అయిపోయాయి. కొత్త జత ధర అడిగితే ప్రింటర్ ధరలో సగానికి దగ్గరగా ఉంది! అసలు దెబ్బ తర్వాత తగిలింది. మా పాప సౌర కుటుంబం ప్రాజెక్టు కోసం పేజీ నిండా నీలం వాడేసింది. చివరి కాపీలో భూమి మీద సముద్రాలు లేత గులాబీ రంగులో వచ్చాయి. సయాన్ (నీలపు ఇంక్) అయిపోయి మెజెంటా (గులాబీ ఇంక్) ఒక్కటే పడిందన్నమాట. పసుపు, మెజెంటా ఇంకా మిగిలే ఉన్నాయి, కానీ మూడు రంగులూ ఒకే కార్ట్రిడ్జ్‌లో ఉండటంతో మొత్తం తీసి పారేయాల్సి వచ్చింది.

అందుకే ముందు ప్రింటర్ రేటు కాదు, ఇంక్ రేటు కనుక్కోండి. కార్ట్రిడ్జ్ లేదా బాటిల్‌తో ఎన్ని పేజీలు వస్తాయో కంపెనీలు చెప్తాయి. దీన్ని లెక్కగట్టడానికి ఐఎస్ఓ/ఐఈసీ 24711 అనే ప్రమాణం ఉంది. ఇంక్ ధరని ఆ సంఖ్యతో భాగిస్తే పేజీ ఖర్చు తెలుస్తుంది. తేడా ఎంత ఉంటుందంటే, హెచ్‌పీ 305 నలుపు కార్ట్రిడ్జ్‌కి చెప్పే లెక్క సుమారు 120 పేజీలు. కార్ట్రిడ్జ్ బదులు, బాటిల్‌తో ఇంక్ పోసుకునే ట్యాంక్ ఉండే కెనన్ జీ2000 నలుపు బాటిల్‌కి చెప్పేది సుమారు 6000. ఇంట్లో మనకి అంత రాదు లెండి. ఆగి ఆగి తీస్తాం, మధ్యలో క్లీనింగ్‌కి కొంత ఇంక్ పోతుంది.

అలాగని అందరినీ ట్యాంక్ ప్రింటరే కొనమనను. సెలవుల్లో మా పాత ప్రింటర్ రెండు నెలలు ముట్టుకోలేదు. తర్వాత ఇంక్ చిమ్మే సన్నటి రంధ్రాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూపించే నాజిల్ చెక్ పేజీ తీస్తే గీతలు మధ్యమధ్యలో తెగిపోయి దువ్వెన పళ్లు ఊడినట్టు కనిపించాయి. ఆ రంధ్రాలుండే భాగమైన హెడ్‌ని ప్రింటరే శుభ్రం చేసుకునే హెడ్ క్లీనింగ్ మూడుసార్లు పెట్టాను, ఇంక్ ఖర్చయింది తప్ప ఫలితం లేదు. చివరికి కార్ట్రిడ్జ్ బయటికి తీసి, గోరువెచ్చటి నీళ్లతో తడిపిన టిష్యూ మీద కాసేపు నొక్కి పెడితే ఎండిన ఇంక్ కరిగి మళ్లీ దారిలో పడింది. ఆ ప్రింటర్‌లో హెడ్ కార్ట్రిడ్జ్‌లోనే ఉండేది. కుదరకపోయినా కొత్త కార్ట్రిడ్జ్‌తో కొత్త హెడ్ వచ్చేసేది. చాలా ట్యాంక్ ప్రింటర్లలో అలా కాదు, హెడ్ ప్రింటర్‌లోనే ఉంటుంది. పాడైతే రిపేరు ఖర్చు గట్టిగానే ఉంటుంది.

నా లెక్కలో నెలకి 50 పేజీలు దాటితే కళ్లు మూసుకుని ట్యాంక్. పది కూడా తీయరు, అవీ నలుపే అయితే ఇంక్‌జెట్ ఆలోచనే మానేసి చిన్న లేజర్ చూడండి. లేజర్‌లో ఇంక్ బదులు వాడే టోనర్ పొడి కాబట్టి ఎండిపోవడమనే మాటే ఉండదు. ఇద్దరు పిల్లలున్నారంటున్నారు కాబట్టి మీరు ట్యాంక్ వైపే ఉంటారనుకుంటున్నా. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నదీ అదే. వారానికోసారి నాలుగు రంగులూ ఉన్న పేజీ ఒకటి తీస్తాను. ఆపేటప్పుడు గోడ స్విచ్ కాదు, ప్రింటర్ బటన్ నొక్కుతాను. అప్పుడే హెడ్ తన చోటుకి వెళ్లి మూత కింద కూర్చుంటుంది. మధ్యలో కరెంటు తీసేస్తే బయటే ఉండి ఎండిపోవచ్చు.

మిగతావి క్లుప్తంగా. రెండువైపులా దానంతటదే ప్రింట్ చేసే డుప్లెక్స్ ఉంటే కాగితం బాగా ఆదా అవుతుంది, దానికి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. స్కానర్ డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) పెద్ద అంకెలు చూసి మురిసిపోకండి, మామూలు కాగితాలకి 300 చాలు. ఫోన్ నుంచి తీయాలంటే ఎయిర్‌ప్రింట్ (ఐఫోన్‌కి) లేదా మోప్రియా (ఆండ్రాయిడ్‌కి) ఉందా అని అడగండి. చవక మోడళ్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది, 5 గిగాహెర్ట్జ్ అందదు. ఇది తెలీక నేనొక ఆదివారం పొద్దంతా రౌటర్‌తో కుస్తీ పట్టాను. వాడేసిన ఇంక్ చేరే మెయింటెనెన్స్ బాక్స్ మనమే మార్చుకునేలా ఉంటే ఇంకా మంచిది. కొన్ని ప్రింటర్లు ఇంక్ అయిపోతే స్కాన్ కూడా చేయవు, కొన్ని చిప్ పెట్టి వేరే కంపెనీ కార్ట్రిడ్జ్‌లని ఒప్పుకోవు. ఈ రెండూ కొనేముందే అడిగి తెలుసుకోండి.

మీ ఇంట్లో ప్రింటర్ వరసగా ఎన్ని రోజులు ఖాళీగా ఉంటుందో రాయండి. నెలల తరబడి ముట్టుకోరంటే ట్యాంక్ కొనమన్న మాట నేనే వెనక్కి తీసుకుంటాను.