సమాధానం: నాన్నగారి పాత హెచ్‌పీ 15సి క్యాలిక్యులేటర్‌లోని ప్రోగ్రాములు కొత్త దాంట్లోకి ఎలా?

కేబుల్‌తో పని జరగదండీ. 1982లో వచ్చిన హెచ్‌పీ 15సికి బయటికి డేటా పంపే దారే లేదు. దాన్నే మళ్లీ తెచ్చిన 2023 కలెక్టర్స్ ఎడిషన్‌లోకి ప్రోగ్రాములు చేత్తో ఎక్కించాల్సిందే. కానీ మీరు టెన్షన్ పడుతున్నంత కష్టమేం కాదు.

పాత దాంట్లో బ్యాటరీలు మార్చకముందే ఈ పని చేయండి, తీస్తే ప్రోగ్రాములు పోవచ్చు. మొదటికి వెళ్లడానికి జీటీఓ, సీహెచ్‌ఎస్ కీలు, 000 నొక్కి, ప్రోగ్రామ్ మోడ్‌లోకి వెళ్లడానికి ‘జి’ కీ, పి/ఆర్ నొక్కండి. తర్వాత ఎస్‌ఎస్‌టీ కీతో ఒక్కో లైనూ చూస్తూ కాగితం మీద రాసుకోండి. తెర మీద కనిపించేవి కీ ఉన్న వరుస, స్థానం. 42,21,11 అంటే ‘ఎఫ్’, ఎల్‌బీఎల్ (లేబుల్), ‘ఎ’ కీలు. అంకెల కీలు మాత్రం అంకెలుగానే కనిపిస్తాయి. కొత్త దాంట్లోనూ కీల అమరిక అదే కాబట్టి కోడ్‌లూ అవే. ఎక్కించాక లైను లైనూ పోల్చుకుంటే తప్పు ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: ప్రోగ్రామ్ మోడ్‌లో ఉండగా ‘ఎఫ్’ నొక్కి క్లియర్ పీఆర్‌జీఎం నొక్కారో, అన్నీ పోతాయి!

రెండు యంత్రాల్లోనూ ‘జి’, మెమ్ నొక్కి రిజిస్టర్ల (మెమొరీ అరల) కేటాయింపు కూడా చూడండి. అది సరిపోకపోతే ప్రోగ్రామ్ సరిగ్గా ఉన్నా ఎర్రర్ వస్తుంది.

వేగంలో కొత్తదే మేలు. పాత దాంట్లో ఇంటిగ్రేషన్ పెట్టి టీ తాగి రావచ్చు. కీలు నొక్కినప్పటి ఆ హాయి మాత్రం, నా మటుకు, పాతదానిదే. అందుకే దాన్ని అమ్మొద్దు. వాడనప్పుడు బ్యాటరీలు తీసి ఉంచండి, కారితే లోపల తుప్పు పడుతుంది.