మామిడి, ముళ్ళపంది, పుట్టగొడుగు: అన్నీ ఇండికాలేనా?

ప్రశ్న: మా అమ్మాయి బోటనీ బుక్కులో మామిడి మాంజిఫెరా ఇండికా, వేప అజాడిరక్టా ఇండికా, చింత టామరిండస్ ఇండికా అని ఉంది. నెట్లో చూస్తే ముళ్ళపంది కూడా హిస్ట్రిక్స్ ఇండికా అట, పాల పుట్టగొడుగేమో కాలోసైబ్ ఇండికా అట. ఇవన్నీ చుట్టాలా అండీ? ఒకే పేరు ఇన్నిటికి పెడితే కన్ఫ్యూజన్ కాదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చుట్టరికం ఏమీ లేదండీ. మామిడిది జీడిమామిడి కుటుంబం, చింతది కంది, చిక్కుళ్ళ కుటుంబం, పుట్టగొడుగైతే అసలు మొక్కే కాదు. సైంటిఫిక్ పేరు కూడా మన పేర్లలాగే, ముందు ఇంటిపేరు తర్వాత సొంత పేరు. ఆ ఇంటిపేరే జీనస్, చుట్టరికం చెప్పేది అది. రెండో ముక్క ఎన్నిటికైనా పెట్టుకోవచ్చు, ఒకే జీనస్‌లో రెండిటికి మాత్రం పెట్టకూడదు, అందుకే ఉత్తి "ఇండికా" అంటే ఏమీ చెప్పినట్టు కాదు, మీ అమ్మాయిని ఎప్పుడూ రెండు ముక్కలూ కలిపే రాయమనండి. నువ్వుల్లో ఇండికమ్, తీతువు పిట్టలో ఇండికస్ కూడా ఇదే మాట, లాటిన్‌లో జీనస్ లింగాన్ని బట్టి చివర మారుతుంది అంతే.

ఇంకోటి, ఇండికా అని ఉంది కదా అని పుట్టిల్లు ఇండియానే అనుకోవద్దు. చింతకి 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు గానీ దాని పుట్టిల్లు ఆఫ్రికా. టాపిరస్ ఇండికస్ అనే జంతువు మలేషియా, సుమత్రా వైపు ఉంటుంది, మన అడవుల్లో లేనే లేదు. అయినా అర్థం కుదరలేదని పేరు మార్చడానికి రూల్స్ ఒప్పుకోవు.

అసలు తమాషా ఇక్కడుంది. మొక్కలకీ ఫంగస్‌లకీ కలిపి ఒక రూల్ బుక్కు, జంతువులకి వేరే రూల్ బుక్కు, ఒకదాని పేర్లు ఇంకోదానికి అడ్డురావు. దాంతో అక్కడక్కడా రెండు ముక్కలూ అచ్చంగా కలిసిపోయాయి! ఆస్టెరినా గిబ్బోసా అంటే యూరప్ తీరంలో ఉండే ఒక స్టార్ ఫిష్, అదే పేరుతో ఒక ఫంగస్ కూడా ఉంది. ఫైకస్ వేరిగేటా అంటే మర్రి, మేడి జీనస్‌లో చెట్టు, మళ్ళీ అంజూరం ఆకారంలో ఉండే సముద్రపు నత్త కూడా అదే. మరి తేడా ఎలా అంటే, సైంటిస్టులు పేరు పెట్టినవాళ్ళ పేరు కూడా పక్కన రాస్తారు: ఫైకస్ వేరిగేటా బ్లూమ అంటే చెట్టు, ఫైకస్ వేరిగేటా రోడింగ్ అంటే నత్త.